ఎడమ పట్టా వెళ్లి కుడి పట్టాను కలిస్తే?

సమాంతర రేఖలు ఎంత దూరం పొడిగించినా కలుసుకోవని లెక్కల మాస్టారు చెబుతారు. ఉదాహరణ ఇమ్మంటే అందరం రైలు పట్టాలనే చూపిస్తాం. నిజమే, పట్టాలు కలుసుకుంటే రైలు పడిపోతుంది. కాని పట్టాల మధ్య ఎడం వెంట్రుకవాసి కూడా తగ్గకుండానే ఎడమ పట్టా వెళ్లి కుడి పట్టాతో ఏకమైపోయే దారి ఒకటి ఉంది. అసలు రైళ్లకు ఆ దారితో ఏ బాధా లేదు. కరెంటుతో నడిచే నమూనా రైలుకు మాత్రం అది పెద్ద గండం. ఆ దారి పూర్తిచేసి మీట నొక్కారంటే రైలు కదలదు. కరెంటు పెట్టె మాత్రం వేడెక్కి కూర్చుంటుంది!

ఆ దారి ఏమిటో, గండం ఎలా గడుస్తుందో చూడాలంటే ముందు మనం పట్టాలు పరుచుకోవాలి. వాటికి తీగలు కలపాలి. ఒక్కొక్కటే చేద్దాం రండి.

ఎంత చిన్నది?

నమూనా రైలు అంటే ఉత్త ఆటబొమ్మ కాదు. అసలు రైలును ఒక లెక్క ప్రకారం కుదించి చేసినది. ఆ లెక్కల్లో ప్రపంచమంతా ఎక్కువగా వాడేది హెచ్‌ఓ అనే కొలత. ఇందులో అసలు రైలులోని ప్రతి అడుగూ మూడున్నర మిల్లీమీటర్లు అవుతుంది. అంటే 87వ వంతు. 22 మీటర్ల పెట్టె పాతిక సెంటీమీటర్లలో ఇమిడిపోతుంది. పట్టాల మధ్య ఎడం 16.5 మి.మీ. దీన్ని 87తో గుణించండి. 1,435 మి.మీ. వస్తుంది. యూరప్‌లోను, అమెరికాలోను ఎక్కువ రైళ్లు నడిచే స్టాండర్డు గేజి సరిగ్గా ఇదే.

మరి మన రైళ్ల సంగతి? మన బ్రాడ్‌గేజి 1,676 మి.మీ. దాన్ని 87తో భాగిస్తే 19.3 మి.మీ. దాకా వస్తుంది. కాబట్టి గోదావరి ఎక్స్‌ప్రెస్ నమూనాను హెచ్‌ఓ కొలతలో చేసి బజారులో దొరికే పట్టాల మీద నిలబెడితే, దాని కాళ్లు దాదాపు మూడు మి.మీ. దగ్గరగా ఉంటాయి. దూరం నుంచి చూసేవాళ్లు పోల్చుకోలేరుగాని, చేసినవాడి మనసుకు మాత్రం పీకుతూనే ఉంటుంది. హైదరాబాదు మెట్రో నమూనా చేసేవారికి ఈ చిక్కు లేదు. అది 1,435 మి.మీ. గేజి మీదే నడుస్తుంది.

ఇలాంటి రాజీ ఇంగ్లండు వాళ్లూ పడ్డారు. వాళ్ల ఇంజన్లు చిన్నవి. 87వ వంతుకు కుదిస్తే ఆ కాలపు మోటార్లు లోపల పట్టలేదు. అందుకని ఇంజన్లను కాస్త పెద్దవిగా, 76వ వంతు కొలతలో చేసి, పట్టాలను మాత్రం పాత 16.5 మి.మీ. దగ్గరే ఉంచేశారు. బండి పెద్దదైంది, దారి పెరగలేదు. ఆ రాజీ ఈనాటికీ అలాగే నడుస్తోంది!

అసలు ఒకసారి కొన్న పట్టాలకు మళ్లీ కొన్నవి అతికేలా గేజిలను స్థిరపరచి అమ్మే ఆలోచనను జర్మనీలోని మెర్‌క్లిన్ కంపెనీ 1891లో లైప్‌జిగ్ సంతలో చూపించింది. అప్పటి రైళ్లకు కరెంటు లేదు, కీ తిప్పితే నడిచేవి.

చెక్క మీద రైలు మార్గం

పట్టాల కింద గట్టి నేల ఉండాలి. నేల అంటే 12 మి.మీ. ప్లైవుడ్డు చాలు. కింద అడ్డపట్టీలు కొట్టి వంగకుండా బిగిస్తారు. పచ్చి చెక్క పనికిరాదు. ఎందుకో కాసేపట్లో తెలుస్తుంది. చెక్క మీద బెరడుతో చేసిన పలచని కార్కు పట్టీ అతికించి, దాని మీద పట్టాలు పరుస్తారు. కార్కు రెండు పనులు చేస్తుంది. కంకర కట్ట ఎత్తు చూపిస్తుంది, మోటారు గరగరను చెక్కలోకి పోనివ్వదు. కార్కు లేకపోతే ఆ బల్ల తబలాలాగా మోగుతుంది.

ముందు పటం గీసుకోవాలి. ఇక్కడే చాలామంది ఆశపడతారు. అసలు రైలు మార్గంలో వంపులు ఎంత విశాలంగా ఉంటాయో మనకు తెలియదు. మన బ్రాడ్‌గేజి మీద అన్నిటికన్నా బిగువైన వంపుకు వ్యాసార్థం 175 మీటర్లు. దాన్ని 87తో భాగిస్తే రెండు మీటర్లు. అలాంటి వంపుతో రైలును పూర్తిగా ఒక చుట్టు తిప్పాలంటే నాలుగు మీటర్లకు పైగా వెడల్పున్న బల్ల కావాలి. మన ఇంట్లో గదే అంత ఉండదు! అందుకని నమూనా పట్టాల వాళ్లు 18 అంగుళాలు, అంటే 457 మి.మీ. వ్యాసార్థం గల వంపులతో సరిపెట్టుకుంటారు. అసలు లెక్కలో అది 40 మీటర్లే. అలాంటి మలుపులో మన సూపర్‌ఫాస్టు రైలు పెట్టెలు ఒకదాన్నొకటి గుద్దుకుంటాయి. నమూనా పెట్టెల కొక్కేలు అటూ ఇటూ బాగా ఊగేలా చేస్తారు కాబట్టి బతికిపోతున్నాయి.

ఎత్తుపల్లాలదీ ఇదే కథ. ఒక దారి మీదుగా ఇంకో దారిని వంతెన మీద దాటించాలంటే పై పట్టా కింది పట్టాకు 75 మి.మీ. ఎత్తున ఉండాలి. 40 మి.మీ. ముందుకు పోతే 1 మి.మీ. ఎక్కేలా వాలు పెట్టారనుకోండి. ఎక్కడానికే 75ను 40తో గుణించినంత, అంటే 3 మీటర్ల పొడవు కావాలి. దిగడానికి ఇంకో 3 మీటర్లు. ముంబయి నుంచి పుణె పోయే దారిలో భోర్ ఘాటు వాలు 37కి 1. అక్కడ బరువైన రైళ్లకు వెనక నుంచి తోసేందుకు అదనపు ఇంజన్లు తగిలిస్తారు. మీ ఒంటరి ఇంజను 20కి 1 వాలు మీద చక్రాలు గిర్రున తిప్పుతూ అక్కడే నిలబడితే దాన్ని తిట్టి లాభం లేదు.

పట్టాలు రెండు రకాలుగా దొరుకుతాయి. ముందే వంచి ఉంచిన చిన్న ముక్కలు ఒక రకం. దాదాపు 91 సెం.మీ. పొడవుండి, మనకు కావలసినట్టు వంగే బద్దలు ఇంకో రకం. రెండో రకం వాడితే అతుకులు తగ్గుతాయి. అతుకులు తగ్గితే తగాదాలు తగ్గుతాయి. అయితే వంపు మధ్యలో అతుకు వస్తే అక్కడ పట్టా గుండ్రంగా తిరగదు, మోకాలులాగా ముడుచుకుంటుంది. రైలు ఎప్పుడు పడినా ఆ మోకాలు దగ్గరే పడుతుంది. అందుకని తెలిసినవాళ్లు రెండు బద్దల్ని తిన్నగా ఉండగానే మాటువేసి కలిపేసి, ఆ తరవాత వంచుతారు. పరిచాక ఒక కన్ను మూసి, రెండో కన్ను పట్టా ఎత్తుకు దించి, వడ్రంగి పలక సాపు చూసినట్టు దాని వెంట చూడండి. పైనుంచి చూస్తే కనబడని వంకరలన్నీ బయటపడతాయి. అతుకు మీద గోరుతో రాయండి. గోటికి తగిలిందంటే చక్రానికీ తగులుతుంది.

ఈ పట్టాలను ఏ లోహంతో చేస్తారు? ఇనుము తుప్పుపడుతుంది. ఇత్తడికి పట్టే చిలుము కరెంటును పోనివ్వదు. అందుకని నికెల్ సిల్వర్ వాడతారు. పేరులో వెండి ఉందిగాని అందులో వెండి రవ్వంత కూడా లేదు. రాగి, నికెలు, జింకు కలిసిన మిశ్రమం అది. మీకు కొత్తదేం కాదు. పెళ్లిళ్లలో కానుకలుగా ఇచ్చే జర్మన్ సిల్వర్ కుంకుమభరిణె, పళ్లెం ఆ జాతివే. దానికి కూడా మకిలి పట్టకపోదు. కాని పట్టిన మకిలి గుండా కరెంటు కొంత మెరుగ్గా పోతుంది.

ఇప్పుడు చెక్క సంగతి. లోహం ఎండకు సాగుతుందని మీకు తెలుసు. 10 మీటర్ల నికెల్ సిల్వర్ పట్టా 20 డిగ్రీలు వేడెక్కితే సుమారు 3.4 మి.మీ. సాగుతుంది. దాన్ని 10 అతుకులకు పంచితే ఒక్కొక్క దానికి వచ్చేది మూడోవంతు మిల్లీమీటరు. ఒక విజిటింగు కార్డు మందం ఖాళీ వదిలితే చాలు. కాని అనుభవజ్ఞులు భయపడేది లోహానికి కాదు, చెక్కకు. వానాకాలంలో తేమ పీల్చి ఉబ్బిన చెక్క మండువేసవిలో ఎండి కుంచించుకుపోతుంది. కింది నేల కురచయింది, పైన పట్టా సాగింది. ఇక పట్టా ఎక్కడికి పోతుంది? పక్కకు విల్లులా వంగుతుంది. పచ్చి చెక్క వద్దన్నది ఇందుకే. ప్లైవుడ్డుకు కూడా అన్ని వైపులా రంగు పూస్తే తేమ అంతగా లోపలికి పోదు.

12 వోల్టులే!

కరెంటు దగ్గరికి వచ్చాం కనుక ఒక మాట గట్టిగా చెప్పాలి. నమూనా రైలు మోటారుకు కావలసింది 12 వోల్టుల ఏకముఖ విద్యుత్తు. ఇంటి గోడలోంచి వచ్చేది 230 వోల్టుల ఏకాంతర విద్యుత్తు. ఈ రెంటికీ మధ్య ట్రాన్స్‌ఫార్మరు ఉన్న, కంపెనీ తయారుచేసిన పెట్టె ఉండితీరాలి. దాన్ని మీరు విప్పకూడదు, ఇంట్లో తయారుచేయకూడదు.

20వ శతాబ్దం మొదట్లో యూరప్‌లో కొన్ని బొమ్మ రైళ్లను ఇంటి కరెంటుతోనే నడిపేవారు. మధ్యలో ఒక బల్బును సీరీస్‌లో పెట్టేవారు. వోల్టేజిలో చాలా భాగం బల్బు మింగేస్తుంది, మిగిలిన కాస్తా రైలుకు చేరుతుంది అన్నది ధీమా. మరి పట్టాల మీద రైలు లేనప్పుడో? కరెంటు పారదు. కరెంటు పారకపోతే బల్బు ఒక్క వోల్టు కూడా మింగదు. అప్పుడు ఇంటి వోల్టేజి యావత్తూ రెండు పట్టాల మధ్య కాచుకుని ఉంటుంది! రైలు పడిపోయిందని పిల్లవాడు చెయ్యి చాపేది సరిగ్గా అప్పుడే. ఆ పద్ధతి పోవడమే మంచిదయింది.

రెండు పట్టాల బండి ఎలా నడుస్తుందంటే, పెట్టెలోంచి ఒక తీగ ఎడమ పట్టాకు, ఒక తీగ కుడి పట్టాకు వెళతాయి. కరెంటు ఒక పట్టా గుండా వచ్చి, చక్రం ఎక్కి, మోటారు గుండా పోయి, అవతలి చక్రం దిగి, రెండో పట్టా గుండా తిరిగిపోతుంది. ఇరుసు ఉత్త ఇనప కడ్డీ అయితే కరెంటు మోటారు దాకా రాకుండా ఇరుసులోంచే అడ్డదారిన పోతుంది. అందుకని ప్రతి ఇరుసుకూ ఒక చక్రానికైనా మధ్యలో ప్లాస్టిక్ బుష్ వేసి విడదీస్తారు. ఈ ఇరుసు సంగతి గుర్తుంచుకోండి, చివర్లో దానితో పని ఉంది.

కుడి పట్టా ధనం, ఎడమ పట్టా ఋణం అయితే ఇంజను ముందుకు పోతుంది. ఇది అన్ని కంపెనీల వాళ్లూ ఒప్పుకున్న కట్టుబాటు. తీగలు తారుమారు చేస్తే వెనక్కి పోతుంది. ఇప్పుడొక ప్రశ్న. ఇంజను తూర్పుకు పోతోంది. దాన్ని చేత్తో ఎత్తి, ముఖం పడమటికి తిప్పి, మళ్లీ పట్టాల మీద పెట్టారు. తీగలు ముట్టుకోలేదు. ఎటు పోతుంది?

పడమటికని చాలామంది ఠక్కున చెబుతారు. కాదు. తూర్పుకే పోతుంది! ఇంజను తిరగడంతో దాని కుడిచెయ్యి ఇప్పుడు అవతలి పట్టా మీద పడింది. అది ఋణం. కాబట్టి ఇంజను తన లెక్కలో వెనక్కి నడుస్తుంది. పడమటికి ముఖం పెట్టినవాడు వెనక్కి నడిస్తే తూర్పుకే కదా చేరేది! దిక్కును నిర్ణయించేది పట్టాలే, ఇంజను కాదన్నమాట.

శివారు పొలానికి నీరు

చిన్న చుట్టుదారికి ఒకచోట రెండు తీగలు కలిపితే చాలు. దారి పెరిగేకొద్దీ ఒక వింత కనబడుతుంది. తీగలు కలిపినచోట రైలు పరుగెత్తుతుంది. దూరం పోయేకొద్దీ నీరసిస్తుంది.

కాలువ కింద సేద్యం చూసినవారికి ఇది చెప్పనక్కరలేదు. తూము దగ్గర పొలం మునిగిపోతూ ఉంటుంది, శివారు ఆయకట్టుకు నీరందదు. పట్టా కూడా కాలువే. నికెల్ సిల్వర్‌కు రాగి కన్నా నిరోధం సుమారు 15 రెట్లు ఎక్కువ. హెచ్‌ఓ పట్టాకు మీటరుకు పదోవంతు ఓము అనుకోండి. రైలు 8 మీటర్ల దూరంలో ఉంటే కరెంటు పోవడానికి 8, రావడానికి 8, మొత్తం 16 మీటర్లు. నిరోధం 1.6 ఓములు. ఇంజను అర ఆంపియరు తీసుకుంటే, ఓం నియమం ప్రకారం 0.8 వోల్టు దారిలోనే ఖర్చయింది. ఇంతటితో పోలేదు. పట్టాలను కలిపే చిన్న రేకు తొడుగులు, అవే ఫిష్‌ప్లేట్లు, దుమ్ముపట్టి వదులవుతాయి. ఒక్కొక్కటి పదోవంతు ఓము చొప్పున అడ్డుపడితే 16 అతుకులకు ఇంకో 1.6 ఓములు. మొత్తం 3.2. ఘాటు ఎక్కడానికి రెండు ఇంజన్లు కట్టి ఒక ఆంపియరు లాగారంటే 12 వోల్టుల్లో 3.2 వోల్టులు మాయం.

రైలు నీరసించడం పెద్ద ప్రమాదమేమీ కాదు. అసలు ప్రమాదం మరొకటుంది. ఆ మారుమూల ఒక పెట్టె పట్టాలు తప్పి రెండు పట్టాలనూ కలిపేసిందనుకోండి. షార్ట్ సర్క్యూట్. పెట్టెలో 5 ఆంపియర్ల ఫ్యూజు ఉంది, అది పోవాలి. కాని 12 వోల్టులను 3.2 ఓములతో భాగించి చూడండి. పారే కరెంటు 3.75 ఆంపియర్లే! ఫ్యూజు పోదు. 45 వాట్ల వేడి పట్టాల్లోను, అతుకుల్లోను, ఆ పడిపోయిన పెట్టె చక్రాల్లోను తయారవుతూనే ఉంటుంది. రేడియో రిపేరు చేసే మాటు కడ్డీ చాలా వరకు 25 వాట్లదే. ప్లాస్టిక్ స్లీపర్ల గతి ఏమవుతుందో మీరే ఊహించుకోండి.

దీనికి మందు కాలువల దగ్గరే ఉంది. పెద్ద కాలువ ఒకటి తవ్వి, దాన్నుంచి పొలం పొలానికీ పిల్లబోదెలు తీసినట్టు, బల్ల కింద ఈ కొస నుంచి ఆ కొసకు రెండు లావుపాటి రాగి తీగలు పరుస్తారు. ఇంటి వైరింగులో వాడే 1.5 చదరపు మి.మీ. తీగ చాలు. ఒకటి ఎరుపు, ఒకటి నలుపు. ప్రతి మీటరుకూ పట్టాలకు మాటువేసిన సన్నని తీగలు బల్లకు పెట్టిన బెజ్జాల్లోంచి దిగి ఈ పెద్ద తీగలను కలుస్తాయి. ఎరుపు ఎప్పుడూ ఒకే పట్టాకు, నలుపు ఎప్పుడూ రెండో పట్టాకు. ఇక కరెంటుకు పట్టాలతో, అతుకులతో పని తక్కువ. 16 మీటర్ల రాగి తీగ మొత్తం నిరోధం ఓములో అయిదోవంతుకు మించదు.

మాటువేసేటప్పుడు తీగను పట్టాకు బయటి వైపున, కింది అంచు దగ్గర అతకాలి. లోపలి వైపు అతికితే చక్రం అంచు ఆ బొడిపెను ఎక్కి పడుతుంది. కడ్డీ బాగా వేడెక్కాక రెండు మూడు సెకండ్లే తాకించాలి. నసిగితే స్లీపర్లు కరుగుతాయి. గది కిటికీ తీసి ఉంచండి. రోజనం పొగ కళ్లకు మంచిది కాదు. పెద్దవాళ్లు దగ్గర లేకుండా ఈ పని మొదలుపెట్టకండి.

పని పూర్తయ్యాక ఒక పరీక్ష ఉంది. ఖర్చు ఒక్క రూపాయి, అదీ మళ్లీ మీ జేబులోకే. కరెంటు పెట్టి, దారిలో అన్నిటికన్నా దూరమైన చోట రూపాయి బిళ్లను రెండు పట్టాల మీదా పడేలా పెట్టండి. పెట్టెలో రక్షణ మీట టక్కున పడిపోవాలి. పడకపోతే అక్కడ తీగలు చాలలేదని అర్థం. బిళ్ల వెంటనే తీసేయండి, వేడెక్కి ఉంటుంది.

కప్ప మీద కరెంటు

ఇంకో చిక్కు పాయింట్ల దగ్గర వస్తుంది. ఒక దారి రెండుగా చీలేచోట లోపలి పట్టాలు రెండు ఒకదాన్నొకటి కోస్తూ పోతాయి. గుర్రపు గిట్ట అడుగున కొసదేలిన మెత్తని భాగాన్ని ఇంగ్లీషువాళ్లు కప్ప అంటారు. ఆకారం అలా ఉంటుందని ఈ కోతకూ అదే పేరు పెట్టారంటారు. మన రైల్వేవాళ్లు క్రాసింగు అంటారు. అక్కడ ధన పట్టా, ఋణ పట్టా కలుసుకోక తప్పదు. తేలిక ఉపాయం ఏమిటంటే కప్పను ప్లాస్టిక్‌తో చేసేయడం. పెద్ద ఇంజన్లు దాన్ని తేలిగ్గా దాటేస్తాయి. నాలుగే చక్రాలున్న చిన్న ఇంజను మాత్రం దాని మీద ఆగి చచ్చిపోతుంది. గట్టి ఉపాయం వేరు. కప్పను లోహంతోనే చేసి, నాలుగు వైపులా విడదీసి, పాయింటు ఎటు తిరిగితే ఆ దారి పట్టాకు దాన్ని కలిపే స్విచ్చిని పాయింటు కడ్డీకే కట్టడం. పాయింటు జరిగినప్పుడల్లా కప్ప తన ధ్రువాన్ని మార్చుకుంటుంది. శ్రమ ఎక్కువేగాని నా ఓటు దీనికే.

ఇక మన గండం. దారి తిన్నగా పోయి, ఒక పాయింటు దగ్గర చీలి, ఎడమ చీలికలో బయలుదేరిన రైలు పెద్ద గుండ్రం తిరిగి కుడి చీలికలోంచి మళ్లీ అదే దారిలోకి వచ్చేస్తుందనుకోండి. బ్యాడ్మింటన్ బ్యాట్ ఆకారం. రైలు వచ్చిన దారినే, ముఖం తిప్పుకుని తిరిగిపోతుంది. ఎంత సౌకర్యం!

ఇప్పుడు కాగితం మీద ఈ దారి గీసి, పోయేటప్పుడు ఎడమ పట్టాను ఎర్ర పెన్సిలుతో, కుడి పట్టాను నీలం పెన్సిలుతో దిద్దుకుంటూ వెళ్లండి. గుండ్రమంతా తిరిగి వచ్చేసరికి ఎరుపు ఇంకా రైలుకు ఎడమ పక్కనే ఉంది. కాని రైలు ఇప్పుడు ఎదురు ముఖంతో వస్తోంది. వచ్చేటప్పటి ఎడమ, పోయేటప్పటి కుడి. అంటే ఎరుపు వెళ్లి నీలంలో కలిసింది. ఎడమ పట్టా కుడి పట్టా అయిపోయింది. లోహం అడ్డులేకుండా అతికి ఉంటే ధనం, ఋణం ముఖాముఖి.

చికిత్స ఇది. గుండ్రంలో ఒక భాగాన్ని, పూర్తి రైలు పట్టేంత పొడవున, రెండు కొసల్లోను రెండు పట్టాలనూ కోసి, అతుకుల్లో ప్లాస్టిక్ తొడుగులు పెట్టి వేరుచేస్తారు. ఆ భాగానికి పెట్టె నుంచి విడిగా తీగలు వస్తాయి. అసలు దారికి వెళ్లే తీగల మధ్యలో ధన ఋణాలను తారుమారు చేసే స్విచ్చి ఉంటుంది. రైలు ఆ భాగంలోకి పూర్తిగా వచ్చేశాక, అది లోపల ఉండగానే, బయటి దారి ధ్రువాలను మార్చేస్తారు, పాయింటు తిప్పుతారు. రైలుకు ఏమీ తెలియదు. అది నిశ్చింతగా నడిచి బయటికి వచ్చేసరికి బయటి పట్టాలు దానికి తగ్గట్టు సిద్ధంగా ఉంటాయి. భాగం రైలు కన్నా పొట్టిదయితే? ఇంజను ఒక కొసను, చివరి పెట్టె లోహచక్రాలు ఇంకో కొసను ఒకేసారి దాటుతూ, మీరు కోసిన పట్టాలను మళ్లీ కలిపేస్తాయి.

మెర్‌క్లిన్ వాళ్లకు ఈ గొడవే లేదు. వాళ్లు రెండు పట్టాలనూ ఒకే తీగకు కలిపి, రెండో తీగను మధ్యలో స్లీపర్ల మీద చిన్నచిన్న లోహపు బొడిపెలకు ఇస్తారు. ఇంజను కింద ఒక జారుడు పట్టీ వాటిని తాకుతూ పోతుంది. ఎడమా కుడీ ఒకటే అయినప్పుడు అవి తారుమారయితే మాత్రం ఏమిటి? చూపుకు బొడిపెలు బాగుండవని కొందరంటారు. లెక్కకు మాత్రం అంతకన్నా అందమైనది లేదు.

1990ల నుంచి డీసీసీ అనే పద్ధతి వ్యాపించింది. ఇందులో పట్టాలకు ఎప్పుడూ పూర్తి వోల్టేజి ఉంటుంది. అది సెకండుకు వేలసార్లు దిశ మార్చుకుంటూ, ఆ మార్పుల నిడివిలోనే ఒకట్లు, సున్నాలుగా ఆజ్ఞలు మోసుకుపోతుంది. ప్రతి ఇంజనులోను ఉండే చిన్న చిప్పు తన నంబరుతో వచ్చిన ఆజ్ఞను మాత్రమే పాటిస్తుంది. ఒకే పట్టా మీద రెండు ఇంజన్లను ఎదురెదురుగా నడపవచ్చు! హాంబర్గ్ నగరంలో 2001లో తెరిచిన మినియేచర్ వుండర్‌లాండ్‌లో వెయ్యికి పైగా రైళ్లు కంప్యూటర్ల అదుపులో నడుస్తున్నాయి. అయినా బ్యాడ్మింటన్ బ్యాట్ గండం డీసీసీలోనూ పోలేదు. ఎరుపు నీలాన్ని తాకితే షార్టే. అక్కడ దాన్ని పసిగట్టి, కన్నుమూసి తెరిచేలోగా ధ్రువాలు మార్చే యంత్రం పెడతారు.

బల్ల కింది తీగలకు కంప్యూటర్లతో ఉన్న చుట్టరికం ఇంకా పాతది. అమెరికాలోని ఎమ్.ఐ.టి.లో 1946లో విద్యార్థుల నమూనా రైలు సంఘం ఒకటి పుట్టింది. అందులో కొందరికి పైన కొండలు, స్టేషన్ల మీద మోజు. ఇంకొందరు బల్ల కిందికి దూరి టెలిఫోన్ రిలేలతో పట్టాల అదుపు వ్యవస్థ అల్లేవారు. కంప్యూటర్లు అక్కడికి రాగానే మొదట వాటి మీద పడ్డది ఈ రెండో జట్టే. ఇవాళ అందరి నోటా వినిపించే హ్యాకర్ అన్న మాట కంప్యూటర్ల లోకంలోకి పాకింది వీళ్ల నుంచే.

అసలు పట్టాల్లో షార్ట్ సర్క్యూట్

ఇరుసును గుర్తుంచుకోమన్నాను కదా. నమూనా రైలులో ఇరుసు రెండు పట్టాలనూ కలపకూడదు. అసలు రైలులో కలిపితీరాలి!

1872లో విలియం రాబిన్సన్ అనే అమెరికా ఇంజనీరు ఒక దారి ముక్కను రెండు కొసల్లోను విడదీసి, ఒక కొసన పట్టాలకు చిన్న బ్యాటరీ, రెండో కొసన ఒక రిలే తగిలించాడు. రిలే అంటే విద్యుదయస్కాంతంతో కదిలే మీట. దారి ఖాళీగా ఉంటే కరెంటు పట్టాల గుండా పోయి రిలేను పట్టి ఉంచుతుంది, సిగ్నలు దారి ఇస్తుంది. రైలు వచ్చిందా, ఇరుసులు పట్టాలను కలిపేస్తాయి. కరెంటు దగ్గరి దారి చూసుకుంటుంది, రిలే వదిలేస్తుంది, సిగ్నలు ఎర్రబడుతుంది. అతని తెలివి అంతా ఇక్కడుంది. బ్యాటరీ అయిపోయినా, తీగ తెగినా, చాలావరకు పట్టా విరిగినా కూడా జరిగేది అదే. రిలే వదిలేస్తుంది, ఎర్రదీపం వెలుగుతుంది. చెడిపోతే రైలును ఆపేలా చెడిపోతుంది. ట్రాక్ సర్క్యూట్ అనే ఈ ఏర్పాటు మన రైల్వేల్లోనూ ఉంది. కరెంటు ఇంజన్ల దారుల్లో పైతీగ నుంచి 25,000 వోల్టుల వద్ద వచ్చే కరెంటు తిరిగిపోయేది కూడా పట్టాల గుండానే. అందుకని చాలాచోట్ల ఒక పట్టాను దానికి వదిలి, రెండో పట్టాను సిగ్నళ్ల కోసం ముక్కలుగా విడదీసి ఉంచుతారు.

దీన్ని మీ బల్ల మీదే చూడవచ్చు. అట్ట మీద వంటింటి అల్యూమినియం రేకుతో రెండు పట్టీలు, వేలెడు ఎడంతో అతికించండి. మూడు టార్చి సెల్లులు వరసగా కలపండి. ఫిలమెంటు ఉన్న చిన్న టార్చి బల్బులు రెండు కావాలి. సెల్లుల ఒక కొసను మొదటి బల్బు గుండా ఒక పట్టీకి, రెండో కొసను తిన్నగా రెండో పట్టీకి కలపండి. పట్టీల అవతలి చివర రెండో బల్బు పెట్టండి. రెండూ ఒక మోస్తరుగా వెలుగుతాయి. ఇప్పుడు పట్టీల మీద అడ్డంగా ఒక పెద్ద మేకు పెట్టండి. అవతలి బల్బు ఆరిపోతుంది, ఇవతలిది ఇంకా ప్రకాశంగా వెలుగుతుంది. అవతలిది రాబిన్సన్ రిలే, మేకు మన రైలు. ఇవతలి బల్బు లేకుండా ఈ ప్రయోగం చేయకండి. సెల్లులు వేడెక్కిపోతాయి. మేకు తీశాక ఏమవుతుందో, ఒక పట్టీని కత్తెరతో మధ్యలో తెంపితే ఏమవుతుందో కూడా చూడండి. అసలు పట్టాల దగ్గరికి మాత్రం వెళ్లకండి. స్టేషను చివర పట్టాల మధ్య ఉండే ఇన్సులేషన్ అతుకులను ప్లాట్‌ఫారం మీద నిలబడే చూడవచ్చు.

రంగు పెన్సిళ్లు ఇంకా పక్కనే ఉంటే ఒక లెక్క. ఆవిరి ఇంజన్ల కాలంలో ఇంజను ముఖం తిప్పడానికి కొన్నిచోట్ల త్రిభుజం ఆకారంలో పట్టాలు వేసేవారు. మూడు మూలలా మూడు పాయింట్లు, ఒక్కొక్క మూల నుంచి బయటికి ఒక్కొక్క దారి. దాన్ని గీసి, ఒక బయటి దారి నుంచి మొదలుపెట్టి ఎరుపు, నీలం దిద్దుకుంటూ వెళ్లండి. ఎరుపు నీలాన్ని ఎన్నిచోట్ల ఢీకొంటుంది? ఏ భుజాన్ని విడదీస్తే గండం గడుస్తుంది? ఒక్కచోటే ఢీకొంటే మీరు సరిగ్గా గీసినట్టు. ఇక విడదీయవలసిన భుజం ఏదంటారా, ఇంకో మూల నుంచి మొదలుపెట్టి మళ్లీ గీస్తే జవాబు మారుతుందేమో చూడండి.